పురపాలక పద్దులూ - మన వీధి సౌకర్యాలూ: ఒక చారిత్రక పరిశీలన

ఆసుపత్రి ఏ పేటలో కట్టాలి, బడికి ఎందరు పంతుళ్ళుండాలి, మురుగు కాలువ వారానికి ఎన్నిసార్లు తీయించాలి, వీధి దీపం ఎన్ని గంటలకు వెలగాలి - ఇవన్నీ ఎక్కడో రాజధానిలో పెద్దలు తేల్చే సంగతులని మనలో చాలామంది అనుకుంటూ ఉంటాము. నిజానికి వీటిలో చాలా భాగం మన ఊరి పురపాలక సంఘం ఏడాదికొకసారి ఆమోదించే జమాఖర్చుల పద్దులోనే తేలిపోతవి. ఇంట్లో పెళ్ళయితే వక్కాకు దగ్గరనుంచి లెక్క రాసుకునే మనము, మన పన్నుతో నడిచే ఊరి లెక్క ఏమిటని అడగము. బడ్జెట్టు అనగానే అది గుమాస్తాల గొడవ అని పక్కకు నెట్టివేస్తాము.

ఆ గొడవ వెనుక నూట అరవై ఏండ్ల చరిత్ర ఉన్నది. దానిని సంఘ సభ్యుల ముందు, వారి కుటుంబాల ముందు, ముఖ్యంగా చదువుకుంటున్న పిల్లల ముందు క్లుప్తంగా ఉంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. ఆ చరిత్ర అంతా వడపోస్తే మాకు తోచినది ఒక్కటే మాట. భవనం ఒకసారి పెట్టే ఖర్చు, అందులో పనిచేసే మనిషి జీతం ఏటేటా పెట్టే ఖర్చు. పద్దులో ఆ జీతం గీత ఉన్నంతకాలమే ఏ సౌకర్యమైనా బతుకుతుంది. గీత కొట్టివేసిన నాడు భవనం ఉంటుంది, సౌకర్యం ఉండదు.

మొదటి మునిసిపాలిటీలు - ఎవరి జీతం ముందు?

మన తెలుగు జిల్లాలలో మునిసిపాలిటీ అన్న మాట కొత్తది కాదు. 1850 నాటి చట్టం క్రింద ఊరివాళ్ళు కోరుకుంటే పట్టణ సంఘం పెట్టుకోవచ్చును. భీమునిపట్నంలో 1861లోనే అటువంటి సంఘం ఏర్పడినది. తరువాత 1865లో మద్రాసు ప్రభుత్వం పట్టణాభివృద్ధి చట్టం చేసింది. ఆ చట్టం క్రింద 1866లో గుంటూరు, మచిలీపట్నం, కాకినాడ, నెల్లూరు మొదలైన పట్టణాలు మునిసిపాలిటీలైనవి.

పేరు పట్టణాభివృద్ధి. వినడానికి ఎంతో బాగున్నది. కాని ఆ రోజుల్లో ఆ పద్దు ఎట్లా ఉండేదో చూడండి. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చుతో సర్కారు ఖజానా అప్పుల్లో పడింది. ఎక్కడ బరువు దించుకోవచ్చునా అని చూచిన సర్కారువారికి పట్టణాలు కనిపించినవి. పట్టణంలోని పోలీసుల ఖర్చులో పెద్ద భాగం ఆ పట్టణమే భరించాలన్నారు. ఇంటి పన్ను, బండి పన్ను, వృత్తి పన్ను కట్టినది ఊరివాళ్ళు. అందులో ముందుగా ముట్టినది పోలీసుల జీతం. అది పోగా మిగిలినదానితో రోడ్డు, దీపం, పాకీపని. ఇంతాచేసి ఆ పోలీసులపై మునిసిపాలిటీకి అజమాయిషీ లేదు. జీతం మనది, హుకుం వారిది!

1871లో వచ్చిన కొత్త చట్టంతో మద్రాసు రాజధానిలో పోలీసు భారం తొలగింది. దాని బదులు బళ్ళు, ఆసుపత్రులు, మశూచి టీకాలు పట్టణాల నెత్తికి వచ్చినవి. ఇది మంచి మార్పే. ఊరి డబ్బు లాఠీకి కాక పలకకూ మందుకూ పోవాలన్న సూత్రం అప్పుడే మొదలయినదని చెప్పవచ్చును. అయితే సర్కారు కొత్త పని అప్పగించినంత సులువుగా దానికి సరిపడే రాబడి అప్పగించలేదు. ఈ అలవాటు మాత్రం నేటికీ మారలేదని ముందు ముందు చూస్తాము.

రిపన్ తీర్మానం - హంటర్ కమిషన్

1882 మే 18న వైస్రాయి రిపన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనపై ప్రసిద్ధమైన తీర్మానం ప్రకటించినాడు. సంఘాలలో సర్కారు ఉద్యోగులకన్న ప్రజల సభ్యులు ఎక్కువగా ఉండాలని, వీలైనచోట ఎన్నికలు పెట్టాలని, అధ్యక్షుడు కూడా ఉద్యోగి కానివాడైతే మంచిదని అందులో చెప్పినాడు. పోలీసు ఖర్చు ఇంకా మోస్తున్న ఇతర రాష్ట్రాల పట్టణాలకు కూడా ఆ బరువు తీసివేసి, ఆ డబ్బు చదువుకూ వైద్యానికీ ఊరి పనులకూ మళ్ళించాలన్నాడు. దీని ఫలితంగానే 1884లో మద్రాసు రాజధానిలో పురపాలక చట్టం, లోకల్ బోర్డుల చట్టం వచ్చినవి. మన పెద్దవాళ్ళు 'లోకల్ ఫండు ఆసుపత్రి', 'బోర్డు స్కూలు' అంటూ ఉండేవారు గదా, ఆ మాటలు అక్కడనుంచి వచ్చినవే.

అదే 1882లో విలియం హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ కూర్చున్నది. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ కుమారుడు సయ్యద్ మహమూద్ అందులో సభ్యుడు. మరుసటి ఏడు వచ్చిన నివేదికలో ముస్లింల విద్యపై వేరుగా సిఫారసులున్నవి. వాటిలో మొట్టమొదటిది మన పిల్లలందరూ తెలుసుకోవలసినది. ముస్లిం బాలబాలికల చదువుకు ప్రత్యేక ప్రోత్సాహం ఇవ్వడం స్థానిక, పురపాలక, రాష్ట్ర నిధులపై న్యాయంగా పడవలసిన ఖర్చు అని ఆ సిఫారసు సారాంశం. అంటే దయాధర్మం కాదు, ఎవరి చందాయో కాదు. రోడ్డుకు కంకర ఎట్లాగో, దీపానికి నూనె ఎట్లాగో, ఇదీ అట్లాగే పద్దులో రాయవలసిన ఖర్చు.

కమిషన్ అంతటితో ఊరుకోలేదు. ముస్లిం ఉపాధ్యాయులకు శిక్షణ పాఠశాలలు పెట్టాలనీ, తనిఖీ ఉద్యోగాలలో ముస్లింలను ఎక్కువగా తీసుకోవాలనీ కూడా చెప్పింది. బడి అంటే నాలుగు గోడలు కాదు, చెప్పే పంతులు, వచ్చి చూచే ఇనస్పెక్టరు అని వారికి తెలుసును. కాని సిఫారసు సిఫారసే, హుకుం కాదు. ఏ పట్టణం ఎంత ఖర్చు రాస్తుందన్నది ఆ పట్టణ సంఘంలో ఎవరు కూర్చున్నారు, ఎవరు అడిగినారు అన్నదానిపై ఆధారపడింది. కోస్తాలోనూ రాయలసీమలోనూ పట్టణాలలో నేటికీ నడుస్తున్న మునిసిపల్ ఉర్దూ బళ్ళు ఊరికే రాలేదు. ఎవరో ఒకరు అడిగితే, పద్దులో ఒక గీత పడితే వచ్చినవి.

నిజాం రాజ్యంలో దారి వేరు. హైదరాబాదులో 1869లో పురపాలన మొదలయినది. కాని పెద్ద పనులన్నీ సర్కారు ఖజానా నుంచే. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలు తీసిన తరువాత 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినవి. వాటి మేలు నగరం మరువరాదు. కాని అది ప్రభువు తలచి చేసిన మేలు. పన్ను కట్టినవాడు కూర్చుని లెక్క అడిగి సాధించినది కాదు. అడిగే హక్కు విలువ ఏమిటో చెప్పిన ఊరు మరొకటి ఉన్నది.

చీరాల - పేరాల: నాలుగు వేలు నలభై వేలయిన కథ

బాపట్ల దగ్గర చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. రెండూ కలిసి పదిహేను వేల జనాభా. ఎక్కువమంది నేతపనివాళ్ళు. ఆ ప్రాంతపు తేలియా రుమాళ్ళు అరబ్బు దేశాలదాకా ఎగుమతి అయ్యేవి. మన సభ్యులలో బట్టల వర్తకం చేసినవారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు. ఈ ఊళ్ళు ఒక యూనియన్‌గా ఉన్నప్పుడు ఏడాదికి వచ్చే పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దీనిని మునిసిపాలిటీ చేయ సంకల్పించింది. దానితో పన్ను 40,000 రూపాయలకు పెరిగింది. లెక్క కట్టి చూడండి. తలకు నాలుగణాల చిల్లర ఉన్నది ఒక్కసారిగా రెండున్నర రూపాయలు దాటింది.

ప్రభుత్వం చెప్పిన కారణం పారిశుద్ధ్యం, మంచినీరు. ఆ అవసరం లేదని ఎవరూ అనరు. కాని ఊరివాళ్ళు అడిగినది వేరు. మేము మోయలేని ఖర్చును మమ్మల్ని అడగకుండా ఎట్లా నిర్ణయిస్తారు? కొత్త సంఘానికి కొత్త సిబ్బంది, కొత్త కచేరీ, ఆ జీతాలన్నీ మా మగ్గం మీదనే గదా పడేది? అర్జీలు పెట్టినారు, ఫలితం లేదు. పన్ను ఆపినారు, జైళ్ళు చూసినారు. జైలుకు వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. ఇందులో విచిత్రమేమిటంటే, అప్పటికే 1919 సంస్కరణల ప్రకారం స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది. మద్రాసులో ఆ శాఖ పానగల్ రాజావారిది. పాలించేవాడు మనవాడైనంత మాత్రాన పద్దు మనది కాదని చీరాల తెలియజెప్పింది.

ఆ ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1921 ఏప్రిల్ 6న గాంధీజీ చీరాల వచ్చినారు. ఊరు విడిచి బయటికి వెళ్ళిపోతే మునిసిపాలిటీ తనంత తానే పోతుందన్న మార్గం కూడా ఆయన సూచించినారు. ప్రజలు ఆ మాట పట్టుకున్నారు. పదిహేను వేలలో సుమారు పదమూడు వేలమంది ఇళ్ళు వాకిళ్ళు వదలి, పొలిమేర అవతల పాకలు వేసుకుని, దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. ఎండలో, వానలో, చలిలో పదకొండు నెలలు గడిపినారు. తమ తగవులు తామే తీర్చుకున్నారు. దుగ్గిరాలను అరెస్టు చేసి ఏడాది శిక్ష వేసిన తరువాత, చేతిలో డబ్బూ ఆడక, జనం మెల్లగా తిరిగి ఊళ్ళోకి వచ్చినారు. నేటి చీరాల పురపాలక సంఘం స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1948లో ఏర్పడినది.

ఈ కథను పాఠ్య పుస్తకాలలో స్వాతంత్ర్య పోరాట ఘట్టంగా చదువుకుంటాము. అది నిజమే. కాని మొదట అది ఒక బడ్జెట్టు తగాదా. సౌకర్యం వద్దని ఆ జనం ఊరు విడువలేదు. అడగకుండా రాసిన పద్దు వద్దని విడిచినారు.

అడిగి కట్టుకున్న పన్ను

చీరాలకు కూతవేటులోనే వేటపాలెం. అక్కడ 1918లో సారస్వత నికేతనం అనే గ్రంథాలయం పెట్టినారు. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేసినారు. అప్పటికే బెజవాడలో 1911లో రామమోహన గ్రంథాలయం వెలసింది. 1914లో అక్కడే ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటి పెద్దలు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించినారు. హైదరాబాదులో 1891లో స్థాపించిన ఆసఫియా గ్రంథాలయం ఉర్దూ, ఫారసీ, అరబ్బీ గ్రంథాలకు పెన్నిధి. అదే నేడు అఫ్జల్‌గంజ్ దగ్గర మూసీ ఒడ్డున ఉన్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం.

చందాలతో గ్రంథాలయం పెట్టడం సులువే, నడపడం కష్టం. రెండేళ్ళు ఉత్సాహం ఉంటుంది, మూడో ఏడు తలుపు తీసేవాడు ఉండడు. అందుచేతనే ఉద్యమంలోనివాళ్ళు, ఎస్. ఆర్. రంగనాథన్ వంటి నిపుణులు చట్టం కావాలన్నారు. 1948లో మద్రాసు రాష్ట్రంలో, 1955లో హైదరాబాదు రాష్ట్రంలో పౌర గ్రంథాలయాల చట్టాలు వచ్చినవి. రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసినారు. దాని కీలకం గ్రంథాలయ పన్ను. ఇంటి పన్నుతోపాటు స్థానిక సంస్థ దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. రాను రాను అది ఇంటి పన్ను రూపాయికి 8 పైసలయింది. మన ఇంటి పన్ను రశీదు తీసి చూడండి, దాని గీత కనిపిస్తుంది.

చీరాలలో పన్నుపై తిరగబడిన జాతే ఇక్కడ పన్ను వేయమని అడిగింది! రెంటికీ తేడా ఏమిటి? ఇక్కడ పన్ను దేనికో తెలుసును, ఎంతో తెలుసును, ఎవరికి చేరాలో చట్టంలో రాసి ఉన్నది. అయితే రాసి ఉన్నంత మాత్రాన చేరుతుందా అంటే, అదీ లేదు. వసూలు చేసిన గ్రంథాలయ పన్నును స్థానిక సంస్థలు తమ ఇతర ఖర్చులకు వాడుకుని, గ్రంథాలయ సంస్థలకు ఏండ్ల తరబడి బకాయి పడడం మన రాష్ట్రాలలో తరచు విన్నమాటే. పన్ను కట్టినవాడు కట్టినాడు, పత్రిక చదవడానికి వెళితే తాళం వేసి ఉన్నది. గ్రంథపాలకుడు పదవీ విరమణ చేస్తే ఆ స్థానంలో మరొకరు రారు, ఒక్కరే రెండు మూడు శాఖలు చూడాలి. ఉర్దూ పత్రిక తెప్పించమని అడగడానికైనా కుర్చీలో మనిషి ఉండాలి గదా!

కట్టడానికి డబ్బున్నది, జీతానికి లేదు

ఇక మన కాలానికి వద్దాము. 1965లో ఆంధ్రప్రదేశ్ పురపాలక చట్టం వచ్చింది. అప్పటికి వృత్తి పన్ను ఊరి సంస్థల రాబడి. 1987లో చేసిన చట్టంతో అది రాష్ట్ర ప్రభుత్వ పన్ను అయింది. పట్టణం చేతిలోని ఒక జేబు అట్లా రాష్ట్రం చొక్కాకు మారింది.

1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చింది. పన్నెండవ షెడ్యూలు చేర్చి 18 విషయాలు పట్టణ సంస్థలకు అప్పగించవచ్చునన్నారు. మంచినీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, ఉద్యానవనాలు, కబేళాలు, శ్మశానాలు ఖబరస్తాన్లు అన్నీ అందులో ఉన్నవి. ఐదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘం కూర్చుని నిధుల పంపకం చెప్పాలన్నారు.

పనుల జాబితా పెరిగిన ఆ కాలంలోనే మనుషుల జాబితాకు అడ్డుకట్ట పడింది. 1994 నాటి రెండవ చట్టం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ శాఖలతోపాటు స్థానిక సంస్థలలో కూడా రోజుకూలీ నియామకాలను నిషేధించింది. 1993 నవంబరు 25 నాటికి ఐదేండ్లు పనిచేసినవారిని మాత్రం ఖాళీలను బట్టి పర్మనెంటు చేయవచ్చునని 1994 ఏప్రిల్ 22న 212 నంబరు జీవో వచ్చింది. ఆ నాలుగంకెల తేడాతో తప్పిపోయినవారు కోర్టుల చుట్టూ ఎంతకాలం తిరిగినారో మన బస్తీలలో తెలియని ఇల్లు లేదు. నిషేధానికి సర్కారు చెప్పిన కారణమూ కొట్టిపారేయదగినది కాదు. సిఫారసు మీద లెక్కాపత్రం లేకుండా మనుషుల్ని పెట్టుకుంటూ పోతే రాబడి అంతా జీతాలకే చాలదు. కాని ఊరు పెరుగుతున్నది, చెత్త పెరుగుతున్నది. పని ఆగదు. కనుక ఆ పని కంట్రాక్టు, ఔట్ సోర్సింగ్ అనే పేర్లతో తిరిగి వచ్చింది. జీతం గీత పోయి, 'సేవల కొనుగోలు' గీత వచ్చింది. వీధి ఊడ్చే చెయ్యి అదే, గీత మాత్రమే మారింది. 2023 డిసెంబరు 26 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ కార్మికులు సమ్మె చేసినప్పుడు నాలుగు రోజుల్లోనే పట్టణాల వీధులు ఎట్లా అయినవో చూచినాము. ఏ సౌకర్యం ఎవరి భుజాల మీద నిలబడి ఉన్నదో ఆ రోజుల్లో అందరికీ తెలిసింది.

పై నుంచి వచ్చే నిధుల తీరూ ఇంతే. 2021-26 కాలానికి పదిహేనవ ఆర్థిక సంఘం స్థానిక సంస్థలకు ఇచ్చిన గ్రాంటులో షరతులు లేని భాగాన్ని కూడా జీతాలకూ కచేరీ ఖర్చులకూ వాడరాదని నియమం ఉన్నది. గ్రాంటు అంతా జీతాలు మింగివేయకూడదన్నది దాని ఆంతర్యం. తెలంగాణలో 2019 పురపాలక చట్టం బడ్జెట్టులో పదోవంతు పచ్చదనానికి కేటాయించమన్నది. మంచిదే. కాని మొక్క నాటడానికి ఒక రోజు చాలు, నీళ్ళు పోయడానికి ఏడాది పొడుగునా మనిషి కావాలి. ఖబరస్తాన్‌కు ప్రహరీ గోడ ఏదో ఒక నిధితో వస్తుంది, రాతిపలకపై పేర్లూ పడతవి. కావలివాడి జీతానికి ఏ పలకా ఉండదు. అందుకే దానిని అడిగేవాడు ఉండడు, ఇచ్చేవాడూ ఉండడు.

మన కర్తవ్యం

చరిత్ర చదివి ఊరుకుంటే చాలదు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌తో మొదలవుతుంది. అంతకు ముందే పద్దు తయారవుతుంది. దాని ప్రతి చూపమని అడిగే హక్కు 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రతి పౌరునికీ ఇచ్చింది. మన మహల్లాలలో లెక్కలు చదివిన పిల్లలకు కొదవలేదు. నలుగురు కూర్చుని నాలుగు ప్రశ్నలు వేస్తే చాలు.

మొదటిది: మన వార్డులో ఉన్న బడి, దవాఖానా, పఠన మందిరం, నీళ్ళ ట్యాంకు - వీటికి మంజూరైన ఉద్యోగాలెన్ని, అందులో ఖాళీలెన్ని? రెండవది: ఈ ఏడు కొత్తగా కట్టబోయేదానికి వచ్చే ఏడు జీతం ఎక్కడనుంచి వస్తుంది? మూడవది: మనము కట్టిన గ్రంథాలయ పన్నులో ఎంత జమ అయినది, ఎంత బకాయి? నాలుగవది: నిరుటి పద్దులో రాసినదెంత, నిజంగా ఖర్చయినదెంత? రాసిన అంకెకు సంబరపడి, ఖర్చయిన అంకె చూడనివాడు సగం లెక్క చూసినట్లే.

ఇది ఒక్క మన సంఘం కోసమో, ఒక్క మన వీధి కోసమో అడిగేది కాదు. కాలువ ఒకే ఇంటి ముందు పారదు గదా! ఉర్దూ బడికి పంతులును అడిగే నోరే పక్క పేట తెలుగు బడికి ఆయాను కూడా అడగాలి. అప్పుడే మన మాటకు బలం. మరొక మనవి. అడిగే హక్కు నిలవాలంటే మన ఇంటి పన్ను గడువులోగా కట్టి ఉండాలి. బకాయిదారుడి ప్రశ్నకు కచేరీలో కుర్చీ వేయరు.

హంటర్ కమిషన్ న్యాయమైన ఖర్చు అన్న మాట రాసి నూట నలభై ఏండ్లు దాటింది. న్యాయమైనదని ఒకరు రాసిపెట్టడం వేరు, ఆ ఏటి పద్దులో దానిని గీతగా రాయించడం వేరు. ఆ రెండవ పని ఎవరో వచ్చి చేయరు, మనమే చేసుకోవాలి. రాబోయే బడ్జెట్టు సమావేశానికి ప్రతి మహల్లా నుంచి కనీసం ఇద్దరైనా వెళ్ళి, విని, రాసుకుని వచ్చి మిగతావారికి చెప్పాలని సభ్యులందరికీ మా సవినయ విజ్ఞప్తి.